మా ఇంటి ముందు ఖాళీ

ఈమధ్య ఎవరింటికి వెళ్లినా గ్లాసుతో మంచినీళ్లు ఇవ్వడం మానేశారు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చి చేతిలో పెడుతున్నారు. అందులో నీళ్లు దాహానికి ఎక్కువ, మొహం కడుక్కోవడానికి తక్కువ. సగం తాగి మూత పెట్టాక మిగతా సగం ఏం చేయాలో ఎవరికీ తెలియదు. బల్ల మీద వదిలేస్తే మర్యాదగా ఉండదు, సంచిలో వేసుకుంటే లేకిగా ఉంటుంది, పారబోద్దామంటే ఇంటి చుట్టూ పలకలు పరిచి నేలన్నది కనపడకుండా చేసుకున్నారు. పెళ్లి భోజనాల దగ్గరైతే ఈ సగం సీసాలన్నీ బల్లల కింద వరసగా నిలబడి, మలిబంతి కోసం చూస్తున్నట్టుంటాయి. ఇది దేశానికి పెద్ద సమస్య కాదని నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి కాబట్టి పెద్ద సమస్యల మీద నాకు అభిప్రాయాలు ఉన్నాయి. బాధ మాత్రం ఇలాంటి వాటికే కలుగుతుంది.

మొన్న మా ఇంటి ముందు ఒక అమ్మాయి ఆ మిగిలిన సగానికి ఉపయోగం చూపించింది. పేరు మౌనిక. మురుగు కాలువల పని చూసే ఇంజనీరు. స్కూటీ ఆపి, హెల్మెట్ అద్దానికి తగిలించి, సంచిలోంచి సీసా తీసి రెండు గుక్కలు తాగింది. మిగిలిన నీళ్లు మా గేటు ముందు మట్టిలో నెమ్మదిగా పోసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, అవి ఎటు పోతాయా అని చూస్తూ నిలబడింది. నీళ్లు కాసేపు ఆలోచించుకుని మా ముందుగది కిటికీ వైపు బయల్దేరాయి. ఆ కిటికీ దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని వీధిని పాలించే మా అమ్మ, కళ్లజోడు సర్దుకుని, "ఎవర్రా ఆ పిల్ల? మీ నాన్న వైపు చుట్టమా?" అంది.

చుట్టం కాదు. వీధిలోని మురుగంతా ఒక పెద్ద గోతిలోకి చేర్చి, అక్కణ్ణుంచి మోటారుతో తోడి దూరంగా ఉన్న పెద్ద డ్రెయిన్లోకి పంపాలట. ఆ గొయ్యి పల్లంలో ఉండాలి, పైన ఖాళీ ఉండాలి. మా వీధి మొత్తంలో ఈ రెండు అర్హతలూ ఉన్న చోటు మా గేటుకీ అమ్మ కిటికీకీ ముందున్న జాగా ఒక్కటే. "వేరేచోట ఎక్కడా ఖాళీ లేదండి. అందరూ రోడ్డు మీదికి వచ్చేశారు. మీరొక్కళ్లే రాలేదు," అంది ఆ అమ్మాయి, మేమేదో పిలుపు అందక ఆగిపోయినట్టు. ఆలోచించుకుని చెప్పమని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లింది. ఆలోచించుకోవలసింది అమ్మ కిటికీ గురించి. కానీ నేను ఆ తడి మట్టి వైపే చూస్తూ నిలబడిపోయాను. మా నాన్నగారు పోయాక, తాగగా మిగిలిన నీళ్లు నేలమీద పోసి చూసే మనిషిని చూడటం నాకు అదే మొదలు.

మా నాన్నగారు దేవసహాయం గారు ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో గుమాస్తా. కాలువలు తవ్వించే ఇంజనీర్లు వేరు, వాళ్ల తరఫున ఉత్తరాలు రాసే ఈయన వేరు. అయితే ఏళ్ల తరబడి నీళ్ల గురించి రాసి రాసి, నీళ్లు తన మాట వింటాయని ఆయనకు ఒక నమ్మకం కుదిరింది. ఎవరింటికి వెళ్లినా ఇచ్చిన గ్లాసులో సగం తాగి, మిగతాది గుమ్మం ముందు పోసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని వంగి చూసేవారు. చూసి, "వానాకాలం మీ వంటింట్లోకి వస్తాయండి," అని నెమ్మదిగా చెప్పి సెలవు తీసుకునేవారు. కొత్త ఇంట్లోకి దిగిన రోజున భోజనానికి పిలిచినవాళ్లు ఈ మాటకు సంతోషించేవారు కాదు. వానలు పడి ఆయన చెప్పినట్టే జరిగినా సంతోషించేవారు కాదు. ఆయన అనబట్టే వచ్చాయని నమ్మినవాళ్లు కూడా మా పేటలో ఉండేవారు. మా అక్కకు సంబంధం చూడ్డానికి కడియం వెళ్లినప్పుడు అక్కడా పోశారు. అబ్బాయి ఎలా ఉన్నాడండీ అని అమ్మ అడిగితే, "వీధి వాలు బాగుంది," అన్నారు. ఆ సంబంధమే ఖాయమైంది. మా బావ కూడా అంతే, ఎటు వంచితే అటు ఒంగుతాడు. ఇప్పటికీ వాళ్లింట్లో నీళ్లు నిలవవు.

మా కాలనీ మొదట వరిచేను. గుమాస్తాలూ, బడిపంతుళ్లూ, ఊళ్లో కొట్లున్న కొందరు వర్తకులూ కలిసి, ధవళేశ్వరానికీ రాజమండ్రికీ మధ్య ఎవరూ పట్టించుకోని చోట ఆ చేలు కొని ఇళ్ల స్థలాలు వేసుకున్నారు. ఒక చివర కాలువ గట్టు, ఇంకో చివర రోడ్డు, మధ్యలో కప్పలు. కాలువల ఆఫీసులో పనిచేసే మనిషి కదా అని వీధి గీసే పని మా నాన్నగారికి అప్పగించారు. అందరూ చేసిన పొరపాటు అదే. ఆయన ఆఫీసులోంచి తెలిసిన సర్వేయరును పిలుచుకొచ్చి, గొలుసు లాగించి, చేల మధ్యనుంచి ఎంత వెడల్పు వీధి గీశారంటే, మొదటిరోజు చూసినవాళ్లు అది వీధి అనుకోలేదు, ఏదో స్కూలు మైదానం అనుకున్నారు. దాని పక్కన మురుగు కాలువకు ఇంకొంత జాగా. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ప్రతివాళ్ల స్థలంలోనూ ముందుభాగంలోంచి వస్తుంది.

అప్పుడు చర్చి వరండాలో జరిగిన సమావేశం నాకు బాగా గుర్తు. మా ఎదురు స్థలం కోటేశ్వరరావు గారిది. ఆయనకు ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. మాటలో మర్యాద, తూకంలో నైపుణ్యం ఉన్న మనిషి. ఆయన లేచి, "ఎందుకండీ దేవసహాయం గారూ అంత వెడల్పు?" అన్నారు.

"ఒక లారీ వస్తుంటే ఎదురుగా ఇంకో లారీ వస్తుందనుకోండి?"

అప్పటికి మా వీధిలోకి వచ్చిన వాహనాలన్నింటిలోకీ పెద్దది పాలవాడి సైకిలు. నవ్వులు తగ్గాక కోటేశ్వరరావు గారు మళ్లీ అడిగారు. "మొన్నటిదాకా నాగలి నడిచిన చోటికి లారీలేంటండీ? అంత జనం ఎక్కణ్ణుంచొస్తారు?"

"మన ఇళ్లల్లోంచేనండి. మీకే ఐదుగురు పిల్లలు."

ఈ జవాబుకు ఎవరూ నవ్వలేదు. లెక్కవేసుకుంటే అందరికీ ఏదో ఒక ఇబ్బంది కనిపించింది కాబోలు. టీలు చల్లారిపోతున్నాయని ఎవరో అనడంతో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ రోజునుంచి మా నాన్నగారు రెండు లారీల దేవసహాయం గారు అయిపోయారు. ఇంటి అడ్రసు అడిగితే పోస్టుమ్యాను కూడా ఆ పేరే చెప్పేవాడు. నాన్నగారికి కోపం వచ్చేది కాదు. "ఆనకట్ట కట్టిననాడు ఇన్ని నీళ్లు ఎవరికని అడిగినవాళ్లు కూడా ఉండే ఉంటారు," అనేవారు, తనకూ ఆనకట్టకూ మధ్య పెద్ద తేడా లేనట్టు.

అందరూ ఒప్పుకున్నంత వదిలారు. నాన్నగారు మాత్రం ఇంకొంచెం ఎక్కువ వదిలారు. ఎందుకండీ అని అమ్మ అడిగితే, "ఏమేం వస్తాయో తెలియదు కదా, అందుకని," అన్నారు. వెనకవైపు నుయ్యి ఉంది, జరగదు. ముందువైపు ఈ త్యాగం ఉంది, జరగదు. రెండింటి మధ్య ఇల్లు నొక్కుకుపోయింది. ఇంట్లో అన్నిటికంటే చివర్లో కట్టింది వంటిల్లు కాబట్టి, ఆ నొక్కుడంతా దానికే తగిలింది.

ఆ వంటింటి గురించి చెప్పాలంటే ముందు బయటికి రావాలి, లోపల నిలబడి చెప్పడానికి చోటు లేదు. తలుపు లోపలికి తెరుచుకునేది. అమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చుంటే తలుపు తెరుచుకోదు. తలుపు తెరిస్తే అమ్మ రుబ్బలేదు. మంచినీళ్ల కుండ లోపలే ఉండేది కాబట్టి, ఇంట్లో పిండి రుబ్బుతున్నంతసేపూ మేము దాహాన్ని వాయిదా వేసుకునేవాళ్లం. ఆవకాయ జాడీలు ముందుగదిలో మంచం కింద కాపురం ఉండేవి. చుట్టాలొస్తే మంచం మీద వాళ్లు, మంచం కింద ఆవకాయ, ఒకరి వాసన ఒకరు ఓర్చుకునేవారు. ఊకపొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆ పొగకు ఇంట్లో అందరం కళ్లు తుడుచుకునేవాళ్లం. చూసినవాళ్లు మాది చాలా భక్తిగల కుటుంబం అనుకునేవారు. ఎండురొయ్యలు వేయించిన రోజు ఆ వాసన బయటికి దారి తెలియక మా బట్టల్లో సర్దుకునేది. ఆదివారం చర్చిలో నిలబడి కీర్తన పాడుతుంటే, మేము శనివారం ఏం తిన్నామో వెనక వరస వాళ్లకు తెలిసేది. అమ్మకు దగ్గు అక్కడే పట్టుకుంది. చలికాలం పొద్దున్నే అలారం అవసరం లేకుండా ఆ దగ్గుకే లేచేవాళ్లం. ఆ వంటిల్లు ఎప్పుడో పోయింది. దగ్గు మాత్రం ఇల్లు కట్టినప్పటిది, ఇంకా గట్టిగానే ఉంది.

అమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. గేటు ముందు వదిలేసిన ఆ జాగాలో, తాటాకులు కప్పి, గాలి వచ్చే చోట ఒక వంటపాక వేయమని అడిగింది. ఆ సంభాషణ మా ఇంట్లో ఏళ్ల తరబడి జరిగింది. సాధారణంగా నాన్నగారు భోజనానికి కూర్చున్నప్పుడు మొదలై, మజ్జిగ దగ్గర ఆగిపోయేది.

"ఏమండీ, అంత చోటు ఊరికే పడుందిగా."

"అది మనది కాదు కరుణా."

"మరెవరిది?"

"రాబోయేవాళ్లది."

"వాళ్లకి కూడా ఈ పొగలోనే వండి పెట్టమంటారా?"

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. పూట పూటకీ బియ్యం కడిగే ముందు ఇల్లాలు గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది చర్చికి. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా అమ్మ ఆ గుప్పెడు ఎన్నడూ మానలేదు. ఒకరోజు నాన్నగారు దాన్ని చూపించి, తన వాదనకు బలం దొరికిందని చాలా సంతోషపడ్డారు. "చూడూ, నువ్వు రోజూ గుప్పెడు బియ్యం తీసి పెడుతున్నావా లేదా? నేనూ అంతే. గుప్పెడు నేల తీసి పెట్టాను."

అమ్మ పొయ్యి ఊదడం ఆపి చూసింది. "నేను గుప్పెడు తీస్తానండి. కుండ ఎత్తి ఇచ్చెయ్యను."

నాన్నగారు ఆ పూట మజ్జిగ అడక్కుండానే లేచారు.

ఇక వీధి సంగతి. మా వీధి సన్నబడటానికి కారణం దురాశ అని నేను అనలేను. అన్నీ శుభకార్యాలే. మావైపు పెళ్లంటే ఇంటి ముందు పందిరి పడాలి. వీధి అంత వెడల్పుగా, అంత ఖాళీగా ఉన్నప్పుడు పందిరి గుంజలు వీధిలోనే పాతుకోవాలి, అందులో తప్పు లేదు. పెళ్లయ్యాక ఆకులు వాడిపోతాయి గానీ గుంజలు వాడిపోవు కదా. పెద్దపండక్కి అల్లుడొస్తాడు, అప్పటిదాకా ఉంచుదాం అంటారు. అల్లుడొస్తాడు, ఎండగా ఉందంటాడు. గుంజల మీద రేకులు పడతాయి. రేకుల కింద మట్టి అరుగు, మట్టి అరుగు మీద సిమెంటు. ఎవరూ ఆక్రమించలేదు, పెళ్లి చేశారు, అంతే. కోటేశ్వరరావు గారి పెద్దమ్మాయి పెళ్లికి మురుగు కాలువ మీద బండలు పడ్డాయి. రెండో అమ్మాయి పెళ్లికి ఆ బండల మీద అరుగు లేచింది. మూడో అమ్మాయి పెళ్లికి అరుగుకు గ్రిల్లు వచ్చింది. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలకు పెళ్లిళ్లయ్యాయో వీధిలో నిలబడి చూస్తే తెలిసిపోయేది. ఎదురెదురుగా ఇద్దరు సంసారపక్షం మనుషులు ఉన్నచోట సైకిలు దిగి నడవాలి. తొందరగా పిల్లల్ని ఓ ఇంటివాళ్లను చెయ్యమని పాస్టరుగారు ఆదివారాలు హితవు చెప్పినప్పుడల్లా నాన్నగారు వీధి వైపు దిగులుగా చూసేవారు.

అలాంటి రోజుల్లో మా అక్క పెళ్లి కుదిరింది. అందరికంటే ఎక్కువ సంతోషించింది అమ్మ. ఆ సంతోషంలో సగం అక్క కోసం. పందిరి వేసే సూర్యాన్ని పిలిచి, "గుంజలు బాగా లోతుగా పాతు నాయనా, కాలువ గాలి ఎక్కువ," అని చెప్పింది. ఎక్కడెక్కడ పాతాలో తనే కాలితో గీసి చూపించింది. గుంజలు నిలబడ్డాక చూస్తే వంటపాకకు గోడలు ఎక్కడ రావాలో అక్కడ ఉన్నాయి. పెళ్లివంట కోసమని ఇటుకలతో పొయ్యిలు కూడా అక్కడే కట్టించింది. ఆ పొయ్యిల నోళ్లు గాలివాటుకు ఎంత సరిగ్గా ఉన్నాయంటే, సూర్యం మా అమ్మను ఏ ఊళ్లో పని నేర్చుకున్నారని అడిగాడు. పెళ్లి జరిగినన్నాళ్లూ అమ్మ ఆ పందిరి కిందే ఉంది. గరిట పుచ్చుకుని తిరుగుతూ, రెండు చేతులూ చాపి గిన్నెలు అందుకుంటూ, వచ్చినవాళ్లను అక్కడికే పిలిచి మాట్లాడుతూ ఉంది. అన్నాళ్లూ ఆమె దగ్గలేదు. అప్పుడు నేను దాన్ని గమనించలేదు. గారెలు ఎక్కడున్నాయో మాత్రం గమనించాను.

అక్క అత్తారింటికి వెళ్లిన మర్నాడు పొద్దున్న, నాన్నగారు బనీను వేసుకుని గునపంతో గుంజలు పెకలిస్తున్నారు. సూర్యం వచ్చేదాకా ఆగడానికి ఆయనకు ధైర్యం చాల్లేదనుకుంటాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఒక్క వానాకాలం ఉంచండి," అంది.

"ఉంచితే ఉండిపోతుంది కరుణా. ఎదురుగా చూడు."

అమ్మ ఎదురుగా ఉన్న గ్రిల్లు చూసింది. ఆయన ఒక్కో గుంట పూడ్చి, చెంబుతో నీళ్లు పోసి, మట్టి కుదురుకుందో లేదో కాలితో తొక్కి, చివరికి ఇటుక పొయ్యిలు కూడా విప్పి నూతి పక్కన పేర్చారు. అంత శ్రద్ధగా ఇంట్లో ఏ పనీ చేయగా నేను చూడలేదు. అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. రుబ్బడానికని మేము అనుకున్నాం. ఆ రోజు ఇంట్లో పప్పు నానబెట్టలేదు.

ఆ మధ్యాహ్నమే కోటేశ్వరరావు గారి భార్య వరలక్ష్మి గారు గ్రిల్లు వెనకనుంచి, "మీ ఆయన భలే మనిషండీ వదినగారూ. అంత చోటూ కుక్కలు పడుకోడానికి వదిలేశారు," అన్నారు. అమ్మ కళ్లు అప్పటికి ఎర్రగానే ఉన్నాయి, పొగ అనుకోవచ్చు. "లారీలొస్తాయి వదినగారూ. మీ గుమ్మం ముందు ఇరుక్కుంటే మా ముందుకు రమ్మని చెప్పండి," అంది. ఇంట్లో ఏమన్నా, వీధిలో మాత్రం నాన్నగారి తరఫున వకాల్తా పుచ్చుకునేది అమ్మే.

లారీలు వచ్చాయి. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న రోజులు. కోటేశ్వరరావు గారు పై అంతస్తు వేస్తూ ఇటుకల లారీ తెప్పించారు. అదే పొద్దున్న వీధి చివర ఇంకెవరికో సిమెంటు దిగింది. రెండూ సరిగ్గా ఆయన మూడో అమ్మాయి గ్రిల్లు దగ్గర మొహాలు మొహాలు చూసుకుని ఆగిపోయాయి. డ్రైవర్లు ఒకరి వంశం గురించి ఒకరు మాట్లాడుకున్నారు. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి చూసింది. నాన్నగారు లుంగీతో, చేతిలో పేపరుతో బయటికొచ్చి, కాసేపు నిలబడి, సిమెంటు లారీ వైపు చెయ్యి ఊపి, "వెనక్కొచ్చి ఇటు తిప్పు బాబూ," అని మా ఇంటి ముందు ఖాళీ చూపించారు. అది తిరిగింది, ఇది వెళ్లింది, అంతే. పేపరు మడుచుకుని లోపలికొచ్చేశారు.

"వచ్చాయా మీ లారీలు?" అంది అమ్మ పొగలోంచి.

"వచ్చాయి."

"భోంచేసి వెళ్తాయేమో కనుక్కోండి."

ఆ రోజు నాన్నగారు గడ్డం గీసుకుంటూ కీర్తన పాడారు. పండగ కాకుండా ఆయన పాడటం అదొక్కసారే. సాయంత్రం కోటేశ్వరరావు గారు మర్యాదపూర్వకంగా వచ్చి, టీ తాగి, "అయినా రెండే కదండీ వచ్చాయి," అని వెళ్లారు.

ఆ తర్వాత లారీలు లెక్కపెట్టడం మానేశాం. చుట్టూ ఉన్న చేలన్నీ వెంచర్లయ్యాయి. ఇప్పుడు ఊళ్లు రంగుల కాగితాల మీద పుడుతున్నాయి. ఆ కాగితాల్లో పచ్చటి పార్కులో ఒక తెల్లటి కుటుంబం నవ్వుతూ పరుగెడుతూ ఉంటుంది. అమ్ముడయ్యాక ఆ పార్కూ, ఆ కుటుంబమూ ఎక్కడికి పోతాయో తెలియదు. మిగిలిన మనం కాలువ గట్టు మీద పరుగెడుతున్నాం, కుక్కలు తరుముతాయి కాబట్టి. ముందు జనం వస్తారు, తర్వాత నీళ్ల గొట్టం వస్తుంది, దాని కోసం రోడ్డు తవ్వుతారు, తర్వాత రోడ్డు వేస్తారు, తర్వాత మురుగు గుర్తొస్తుంది. మా నాన్నగారు ఈ క్రమాన్ని తలకిందులుగా చేద్దామనుకున్న మనిషి. అందుకు ఫలితం మేము ఇప్పుడు అనుభవిస్తున్నాం. వీధికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు, ఎక్కడా చోటు లేదు, మా ఇంటి ముందు పెట్టారు. చెత్తబండి ఆగాలి, మా ఇంటి ముందు ఆగుతుంది. కెమెరా స్తంభం, వాటర్ ట్యాంకరు, వినాయకుడి పందిరి, క్రిస్మస్ నక్షత్రం, ఎన్నికల సభ, అన్నిటికీ మా జాగా ఉంది. వీధిలో ఎవరు కొత్త కారు కొన్నా ముందు మాకే స్వీట్లు తెచ్చిస్తారు. పెట్టుకునేది మా ఇంటి ముందే కాబట్టి. ఏమేం వస్తాయో తెలియదని నాన్నగారు వదిలిన జాగాలోకి ఒక్కటొక్కటిగా అన్నీ వచ్చాయి. ఆయన మాత్రం వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నేను నుయ్యి పూడ్పించి, వెనకవైపు పొగ లాగే మిషన్‌తో సహా పెద్ద వంటిల్లు కట్టించాను. అమ్మ ఒకసారి అందులోకి వెళ్లి, రెండు చేతులూ చాపి చూసుకుని, బయటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. అప్పటికి ఆమెకు వండే ఓపిక అయిపోయింది. గాలి వచ్చేది ఇంట్లో ఆ ఒక్క చోటే అని చెప్పి, అప్పట్నుంచి అక్కడే ఉంది.

ఇప్పుడు గొయ్యి ఆ కిటికీ ముందుకే వస్తానంటోంది. కబురు తెలిసిన గంటలో కోటేశ్వరరావు గారి అబ్బాయి శీను వచ్చాడు. నాకంటే చిన్నవాడు, తండ్రి మర్యాద వచ్చింది. "ఒప్పేసుకో అన్నయ్యా, నీకు పుణ్యం ఉంటుంది. వానొస్తే మా బాత్రూములోంచి పైకి తంతోంది. పిల్లలు స్కూలుకి కూడా వెళ్లలేకపోతున్నారు."

"మీ అరుగు తీసేస్తే కింద పాత కాలువ ఉంటుంది కదరా. నీళ్లు దాని దారిన అవి పోతాయి."

శీను మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పెద్దక్క పెళ్లికి వేసిన బండలన్నయ్యా అవి. సెంటిమెంటు."

కడియం నుంచి అక్క ఫోన్ చేసింది. "గోడ కట్టేయరా ముందు. వాళ్లందరూ కట్టుకోలేదూ? అమ్మ ముక్కు కింద మురుగ్గుంట ఏంటి? నాన్నగారు ఉంటే ఒప్పుకునేవారా?" అంది. నాన్నగారు ఉంటే తనే గునపం తెచ్చి ఇచ్చేవారని మా ఇద్దరికీ తెలుసు.

అన్నమాట ప్రకారం మౌనిక మళ్లీ వచ్చింది. ఈసారి ముందుగదిలో, అమ్మ ఎదురుగా కూర్చుంది. మా ఇంట్లో ఇంకా స్టీలు గ్లాసులే. నీళ్లు సగం తాగి గ్లాసు చేతిలోనే పెట్టుకుని విషయం చెప్పింది. వీధి చివర పల్లంలో కొత్తగా చిన్న చిన్న ఇళ్లు పడ్డాయట. వానలు మొదలయ్యాయంటే వీధి మురుగంతా వాళ్ల గదుల్లోకే దిగుతుందట, పసిపిల్లలున్నారట. నేను మా అమ్మ వయసు గురించీ, దగ్గు గురించీ, చట్టం గురించీ కొంత సిద్ధం చేసుకున్నాను. పసిపిల్లలనగానే చట్టం భాగం మరిచిపోయాను.

అమ్మ అంతా విని, "వాసనొస్తుందా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"మూత ఉంటుందండి మామ్మగారూ. మోటారు తిరిగేటప్పుడు కొంచెం... ఆ కిటికీ వేసేసుకుంటే పెద్దగా తెలియదండి."

అమ్మ కిటికీ చువ్వ మీద చెయ్యి వేసి కాసేపు దగ్గింది. ఆ అమ్మాయికి ఇబ్బందిగా అనిపించినట్టుంది. మంచి మాట ఏదైనా అందామని గోడమీదున్న నాన్నగారి ఫొటో వైపు తిరిగింది. "ఈ వీధిలో మొదట గీసిన ప్రకారం ఉన్న ఇల్లు మీదొక్కటేనండి. ఆ రోజుల్లోనే ఇంత జనం వస్తారని ఆయన ఎలా ఊహించారో గానీ... ఎంత ముందుచూపండీ ఆయనది!"

అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, ఆ పిల్లను నిదానంగా చూసింది.

"ఇంకా పుట్టనివాళ్లు కూడా కనపడేవారమ్మా ఆయనకి. వంటింట్లో ఉన్న నేనే కనపళ్లేదు."